చెడే ముందు యంత్రం చెప్పే మాట

చిన్న స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఆగదు. అయినా అది దాటిపోయేంతసేపూ స్టేషన్ మాస్టరు పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడే ఉంటాడు. పట్టాలకు అవతలి వైపు పాయింట్స్‌మన్ ఇంకో జెండాతో నిలబడతాడు. రైలుకు దారి ఇస్తున్నారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. దారి ఇచ్చేది సిగ్నలు. వీళ్లిద్దరూ నిలబడింది రైలును చూడటానికి. ఏ పెట్టె కిందనైనా పొగ వస్తోందా, ఇరుసు దగ్గర ఎర్రబడిందా, బ్రేకు పట్టేసి నిప్పురవ్వలు రాలుతున్నాయా, గొలుసో కడ్డీయో వేలాడుతోందా అని రెండు వైపుల నుంచీ వెతుకుతుంటారు. తేడా కనిపించిందా, పచ్చజెండా దిగి ఎర్రజెండా లేస్తుంది. ముందు స్టేషనుకు కబురు వెళ్తుంది.

వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది 'హాట్ యాక్సిల్'కు. చక్రం ఇరుసు చివర ఉండే బేరింగు పాడైతే వేడెక్కుతుంది. ఆ వేడికి ఇరుసు మెత్తబడి తెగుతుంది. తెగితే బండి పట్టాలు తప్పుతుంది. అందుకే పెద్ద స్టేషన్లో రైలు ఆగగానే క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది బండి వెంట నడుస్తూ ఒక్కో యాక్సిల్ బాక్సు మీద చెయ్యి తిరగేసి ఆనించి చూసేవారు. పిల్లాడి నుదుటి మీద తల్లి చెయ్యి పెట్టినట్టే. ఇప్పుడా పనికి తాకకుండా వేడి చెప్పే థర్మామీటర్లు వచ్చాయి.

ఫ్యాక్టరీల్లో ఈ పద్ధతికి 'కండిషన్ బేస్డ్ మెయింటెనెన్స్' అని పేరు. యంత్రానికి సెన్సర్లు తగిలించి, దాని అదురూ వేడీ నూనె ఒత్తిడీ దూరాన కూర్చుని గమనిస్తూ, గీత దాటితే ఫోనుకు అలర్టు వచ్చేలా చేస్తారు. తేదీ చూసి విప్పరు, లక్షణం చూసి విప్పుతారు. దీన్ని కొత్త సరుకుగా అమ్ముతున్నారు గానీ, దీని వేళ్లు రెండు వందల ఏళ్ల లోతున ఉన్నాయి.

1803లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో రిచర్డ్ ట్రెవితిక్ తయారుచేసిన ఆవిరి యంత్రం బాయిలరు పేలింది. దాన్ని చూసుకోవాల్సిన కుర్రాడు ఆ సమయంలో దగ్గర లేడు. మనుషులు చచ్చిపోయారు. ట్రెవితిక్ కనిపెట్టిన విరుగుడు చాలా చిన్నది. బాయిలరులో నిప్పు మీద ఉండే రేకుకు కన్నం వేసి సీసపు బిరడా బిగించాడు. పైన నీళ్లున్నంతసేపూ సీసం చల్లగా ఉంటుంది. నీళ్లు తగ్గి బిరడా బయటపడితే వేడికి కరిగిపోతుంది, ఆవిరి బుసకొడుతూ నిప్పు మీద పడుతుంది. కుర్రాడు పక్కకు వెళ్లినా సీసం పక్కకు వెళ్లదు. మన ఆవిరి రైలింజన్లలోనూ ఈ బిరడా చివరిదాకా ఉంది.

కరెంటు వచ్చాక ట్రాన్స్‌ఫార్మర్లకూ ఇలాంటి కాపలా దొరికింది. 1921లో జర్మనీలో మాక్స్ బుకోల్జ్ ఒక రిలే తయారుచేశాడు. లోపల చుట్ట ఎక్కడైనా కాలడం మొదలైతే నూనె మరిగి బుడగలు పుడతాయి. పైకెళ్లే గొట్టంలో ఆ బుడగలు పోగై ఒక తేలుబిళ్లను కిందికి దించుతాయి, గంట మోగుతుంది. లోపం ముదిరి నూనె ఒక్కసారిగా ఎగదన్నితే రెండో బిళ్ల సరఫరానే కట్ చేస్తుంది. సబ్‌స్టేషన్లలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఇది నేటికీ ఉంది.

ఈ రెండూ ప్రమాదం వాకిట్లోకి వచ్చాక మోగే గంటలు. అది ఇంకా పొలిమేరలో ఉండగానే పసిగట్టడం ఎలా? దానికి లోకమంతా ఒప్పుకున్న జవాబు క్యాలెండరు. పాతబడిన కొద్దీ ఏదైనా చెడుతుంది, కాబట్టి చెడేలోపు గడువు పెట్టుకుని విప్పి, తుడిచి, అరిగినవి మార్చి, మళ్లీ బిగిస్తే సరి. వినడానికి ఇందులో తప్పేమీ కనిపించదు. ఇది తప్పని మొదట అంకెలతో పట్టుకున్నవాడు ఇంజనీరు కాదు, జీవశాస్త్రవేత్త. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చే ఘట్టం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధం. జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్‌లో బ్రిటన్‌కు వచ్చే ఓడలను వరసపెట్టి ముంచుతున్నాయి. వాటిని గాలి నుంచి వేటాడే పని బ్రిటిష్ వాయుసేనలోని కోస్టల్ కమాండ్‌ది. ఉన్న విమానాలే తక్కువ, అందులోనూ చాలా భాగం ఏ రోజు చూసినా షెడ్డులోనే. ఆ కమాండ్‌కు లెక్కలు కట్టి సలహా చెప్పే బృందంలో సి.హెచ్. వాడింగ్టన్ అనే పిండశాస్త్రవేత్త ఉన్నాడు. ఎపిజెనెటిక్స్ అనే మాటను జీవశాస్త్రానికి ఇచ్చింది ఆయనే. విమానాలకు 50 గంటలు ఎగిరాక ఒకసారి తనిఖీ చేయాలన్నది నియమం. వాడింగ్టన్ బృందం ఒక గ్రాఫు గీసింది. తనిఖీ అయ్యాక ఎన్ని గంటలు ఎగిరిందన్నది అడుగున, ఆ గంటల్లో అనుకోకుండా ఎన్ని మరమ్మతులు వచ్చాయన్నది నిలువున.

క్యాలెండరు సిద్ధాంతం నిజమైతే తనిఖీ కాగానే మరమ్మతులు తగ్గాలి, గడువు దగ్గరపడే కొద్దీ పెరగాలి. గ్రాఫు తలకిందులుగా వచ్చింది. తనిఖీ చేసి పంపిన వెంటనే మరమ్మతులు అన్నిటికన్నా ఎక్కువ. ఎగురుతున్న కొద్దీ తగ్గుతూ వచ్చాయి. 50 గంటలు నిండి మళ్లీ షెడ్డుకు వెళ్లి రాగానే మళ్లీ జివ్వున లేచాయి. బాగా నడుస్తున్నదాన్ని విప్పి చెడగొడుతున్నాం అన్నది దాని అర్థం. విప్పిన బోల్టు మళ్లీ అదే బిగువులో కూర్చోదు. మూత తీసినప్పుడు దుమ్ము పడుతుంది. కొత్తగా వేసిన భాగంలోనే లోపం ఉండొచ్చు. మెకానిక్కులు చేతకానివాళ్లని కాదు, తెరవడంలోనే ఆ గండం ఉంది. తనిఖీల గడువు పెంచి, పనిని సర్దిన తర్వాత విమానాలు ఎగిరిన గంటలు 60 శాతం దాకా పెరిగాయి. ఒక్క కొత్త విమానం కూడా కొనకుండా.

ఇంత విలువైన సంగతి వాడింగ్టన్ పుస్తకంగా అచ్చయి లోకానికి అందింది 1973లో. ఈలోగా పౌర విమానయాన సంస్థలు అదే పాఠాన్ని సొంత డబ్బు తగలేసుకుని మళ్లీ నేర్చుకున్నాయి.

విప్పకుండా లోపలి సంగతి తెలుసుకునే దారి అమెరికా రైల్వేలో దొరికింది. డెన్వర్ అండ్ రియో గ్రాండె రైల్వే ప్రయోగశాలలో 1946లో డీజిల్ ఇంజన్ల నుంచి తీసిన పాత నూనెను పరీక్షించడం మొదలుపెట్టారు. నూనె చుక్కను విద్యుత్ మెరుపులో మండిస్తే అందులోని లోహాలు వేటి రంగులో అవి వెలుగుతాయి. ఇనుము ఎక్కువైతే సిలిండరు గోడలు అరుగుతున్నాయి. రాగి, సీసం పెరిగితే బేరింగు పోతోంది. నీటిలో కలిపే మందు జాడ కనిపిస్తే శీతలీకరణ నీరు నూనెలోకి కారుతోంది. మనిషిని కోయకుండా రక్తపరీక్షతో జబ్బు చెప్పడం లాంటిదే ఇది. 1950ల్లో అమెరికా నౌకాదళం తన విమానాల ఇంజన్లకూ ఈ పరీక్ష పెట్టింది.

ఇక అదురు. మా ఊరి రైసుమిల్లులో ముసలి మెకానిక్ ఒకాయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న బేరింగు గూటికి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కి కళ్లు మూసుకునేవాడు. పక్కన హల్లర్ హోరు, బెల్టుల చప్పుడు, ఊక దుమ్ము. అవేవీ ఆయనకు పట్టేవి కావు. కాసేపటికి కళ్లు తెరిచి, "గ్రీజు చాలు" అనో, "ఈ వారం దాటదు, బేరింగు తెప్పించండి" అనో చెప్పేవాడు. బేరింగులో గుండ్లు తిరిగే దారిలో చిన్న గుంట పడితే, ఒక్కో గుండు దాన్ని దాటినప్పుడల్లా ఒక దెబ్బ పడుతుంది. క్షణానికి ఎన్ని దెబ్బలన్నది గుండ్ల సంఖ్యా, వేగమూ, ఆ గుంట లోపలి రింగుకు పడిందా బయటి రింగుకా అన్నదాని మీద ఉంటుంది. ఆయన చెవి ఆ లెక్క తెలియకుండానే కట్టేది.

ఆ చేతి అనుభవాన్ని, చెవి అనుభవాన్ని అంకెల్లోకి దించింది అమెరికా ఇంజనీరు టి.సి. రాత్‌బోన్. ఎంత అదురు ఫరవాలేదు, ఎంతైతే ఆపేయాలి అన్న పట్టికను 1939లో ప్రచురించాడు. 1950ల నడుమ డొనాల్డ్ బెంట్లీ అనే మరో అమెరికన్, షాఫ్టును తాకకుండా పక్కనుంచే అది ఎంత కదులుతోందో కొలిచే ఎడ్డీ కరెంటు ప్రోబును ట్రాన్సిస్టర్లతో తయారుచేశాడు. థర్మల్ స్టేషన్లో టర్బైన్ షాఫ్టు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ పలచని నూనె పొర మీద తేలుతుంటుంది. గూడు మీద చెయ్యి పెడితే లోపలి కదలిక పూర్తిగా తెలియదు, షాఫ్టునే చూడాలి. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు గణితజ్ఞులు ఇచ్చిన వేగమైన లెక్కింపు పద్ధతితో, కలగాపులగంగా ఉన్న అదురును ఏ దెబ్బకు ఆ దెబ్బగా కంప్యూటరు విడదీయగలిగింది. ముసలాయన చెవి అప్పుడు యంత్రంలోకి వచ్చింది.

1978లో అమెరికా రక్షణ శాఖ కోసం యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ ఒక నివేదిక రాశారు. విమాన భాగాలు చెడే తీరును వాళ్లు ఆరు రకాలుగా విడదీశారు. వయసుతో ముడిపడి చెడేవి 11 శాతమే. మిగతా 89 శాతానికి గడువు పెట్టి మార్చడం వల్ల లాభం కనిపించలేదు. మొత్తం భాగాల్లో 68 శాతం కొత్తలోనే ఎక్కువగా చెడి, ఆ తర్వాత నిలకడగా నడిచేవి. వాడింగ్టన్ గ్రాఫు మళ్లీ కళ్లముందుకొచ్చింది. పాత పద్ధతిలో డీసీ-8 విమానాల పెద్ద నిర్మాణ తనిఖీలకు 40 లక్షలకు పైగా పనిగంటలు పట్టిన చోట, కొత్త ఆలోచనతో బోయింగ్ 747కు తనిఖీల గడువు 20,000 గంటలకు చేరేదాకా 66,000 పనిగంటలు సరిపోయాయి.

దూరం నుంచి చూడటం వెనక డబ్బు లెక్క ఉంది. 1962లో బ్రిటన్‌లో బ్రిస్టల్ సిడ్లీ సంస్థ తన వైపర్ ఇంజన్లకు మరమ్మతు బిల్లు బదులు, ఎగిరిన గంటకు ఇంత అని తీసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఆ సంస్థ రోల్స్‌రాయిస్‌లో కలిసింది. ఇంజను ఆగితే నష్టం తయారీదారుకే కాబట్టి, అది ఆకాశంలో ఎలా ఉందో నేల మీద తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకే పడింది. 1978లో విమానానికీ నేలకూ మధ్య రేడియోలో పొట్టి సందేశాలు పంపే ఏకార్స్ వచ్చింది. ఇంజను వేడి, అదురు కబుర్లు ఆ దారిన దిగడం మొదలైంది.

మన దగ్గర ఈ పని చేసే పెట్టె బోరు మోటారు పక్కన కనిపిస్తుంది. రాత్రి కరెంటు కోసం రైతు టార్చిలైటు పట్టుకుని పాములున్న గట్ల మీద నడిచి వెళ్లి మీట వేసేవాడు. వచ్చిందా ఒక ఫేజు పోయి ఉండేది, లేదా బోరులో నీళ్లు లేక మోటారు ఉత్తగా తిరిగేది. వైండింగ్ కాలిందంటే మోటారు బయటికి తీయించే కూలీ, చుట్టించే ఖర్చు, ఎండిన పైరు. ఆటోస్టార్టరు పెడితే కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' పేరుతో, ఆ తర్వాత ఇంకొందరు వేరే పేర్లతో, సిమ్ కార్డు ఉన్న స్టార్టర్లు తెచ్చారు. మోటారు నీళ్లు తోడుతున్నప్పుడు లాగే కరెంటు ఒకలా, ఉత్తగా తిరిగేటప్పుడు ఇంకోలా ఉంటుంది. ఆ తేడా పట్టుకుని మోటారును ఆపి రైతు ఫోనుకు చెప్పే పెట్టెలూ వచ్చాయి. బ్రిటిష్ విమానాలకు ఎంత తెలివి కావాల్సి వచ్చిందో, రెండెకరాల రైతు మోటారుకూ అంత తెలివి పనికొచ్చింది.

అలర్టు ఉంటే చాలా? 2023 ఫిబ్రవరి 3 రాత్రి అమెరికాలోని ఒహాయోలో ఒక గూడ్సు రైలు పోతోంది. ఆ దారిలో బేరింగు వేడిని కొలిచే యంత్రాలు పట్టాల పక్కన ఉన్నాయి. మొదటి చోట ఒక బేరింగు బయటి గాలి కన్నా 38 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ వేడి చూపింది. పది మైళ్ల తర్వాత సేలం పట్నం దగ్గర 103 డిగ్రీలు. సిబ్బందిని హెచ్చరించడానికి రైల్వే గీసుకున్న గీతకు అది ఇంకా కిందే ఉంది. కబురు ఆఫీసులోని పర్యవేక్షణ డెస్కుకు వెళ్లింది గానీ రైల్లో ఉన్నవాళ్లకు అందలేదు. తర్వాతి యంత్రం 20 మైళ్ల దూరాన, ఈస్ట్ పాలెస్టైన్‌లో ఉంది. అక్కడ 253 డిగ్రీలు. గంట మోగింది, రైలు ఆపబోయారు, అప్పటికే ఇరుసు వదిలేసింది. 38 పెట్టెలు పట్టాలు తప్పాయి. వాటిలో విషవాయువు ట్యాంకర్లూ ఉన్నాయి. సేలం దగ్గర ఒక ఫ్యాక్టరీ కెమెరాలో, కింద మంట వెలుగుతో దాటిపోతున్న పెట్టె స్పష్టంగా రికార్డయింది. జెండా పట్టుకున్న మనిషి అక్కడ ఉండి ఉంటే చూసేవాడు.

మీ మిల్లులోనో, అపార్టుమెంటు పంపుహౌసులోనో, బోరు దగ్గరో ఇలాంటి పెట్టె పెట్టించుకోవాలనుకుంటే తప్పకుండా పెట్టించుకోండి. డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లను రెండు మాటలు అడగండి. గీత దాటక ముందు అంకె నెమ్మదిగా పెరుగుతుంటే దాన్ని చూసేదెవరు? అర్ధరాత్రి అలర్టు మోగితే లేచి వెళ్లేదెవరు? ఆ రెండో మనిషి పేరు, ఫోను నంబరు స్టార్టరు డబ్బా మూత లోపలి వైపున రాసి అతికించండి.