గోదావరిని గీసిన చేయి

ఫిబ్రవరిలో మార్టూరు చుట్టుపక్కల ఏ కల్లం దగ్గర నిలబడినా కళ్లు చెదురుతాయి. నల్లరేగడి నేల, దాని మీద ఆరబోసిన మిరపకాయల ఎరుపు, అవతల పగిలిన పత్తికాయల తెలుపు. అది చూసినప్పుడల్లా నాకు చిత్రకారుడు దామెర్ల రామారావు గుర్తొస్తాడు. ఆయన గీసింది మన పొలాల్ని కాదు, గోదావరిని. అయితే ఇంటి ముందున్న ఏరూ గట్టూ కూడా గొప్ప చిత్రానికి వస్తువులేనని తెలుగువాళ్లకు చూపించిన తొలితరం మనిషి ఆయన.

1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో పుట్టాడు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడా ఆ దొర శిష్యులే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు.

అప్పట్లో బొంబాయిలో చదివినవాళ్లు యూరప్ పద్ధతిలో వెలుగునీడలు, అవయవ నిర్మాణం సాధన చేసేవారు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ బృందం స్వదేశీ భావనతో రంగును కడిగి కడిగి పొగమంచులా పరిచేది. రామారావు దేనికీ దాసోహం అనలేదు. ఇంగ్లీషువాళ్ల నీటిరంగుల్లో కాగితం తెలుపే ఎండ అవుతుంది, దూరపు కొండ పలచబడుతుంది. ఆ విద్యను ఆయన వదులుకోలేదు. దానికి అజంతా గోడల మీది రేఖను జోడించాడు. ఒక్క ఒంపుతో ఆకారానికి ప్రాణం పోసే రేఖ అది. 'తూర్పు కనుమల్లో గోదావరి' లాంటి ప్రకృతి చిత్రాల్లో ఈ రెండూ అతుకు కనపడకుండా కలిశాయి. పేరు మోసిన 'నంది పూజ', 'సిద్ధార్థ రాగోదయం' కన్నా నాకు ఆ నదీతీరాలే ఎక్కువ ఇష్టం.

సొంత ఊరికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టాడు. అంతలోనే మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా నెల ఉంది. ఆయన మొదలుపెట్టిన పనిని స్నేహితుడు వరద వెంకటరత్నం భుజానికెత్తుకున్నాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవాళ్లే.

మార్టూరు మీదుగా పోయే జాతీయ రహదారే బెజవాడ, ఏలూరు దాటి రాజమహేంద్రవరం చేరుతుంది. అక్కడ ఆయన పేరిటే చిత్రశాల ఉంది. మిరప కోతలు అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కసారి వెళ్లిరండి. తిరిగొచ్చాక వాళ్ల చేతికి రంగుల పెట్టె ఇచ్చి, మన కల్లం దగ్గర కూర్చోబెట్టండి.