అడవికి అగ్గి ఎవరు పెట్టిండ్రు? (పొడుగు పోస్టు)

పోస్టు పొడుగైంది, తీరిక ఉన్నప్పుడు చదువుండ్రి.

మాది ఎడపల్లి దిక్కు. మా దగ్గర ఎండాకాలం అగ్గి రెండు రకాలు. ఒకటి పొలాల అగ్గి. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు కొట్టినంక మిగిలిన ఎండాకు కాలబెట్టేది. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతబడ్డది, చెరుకు తగ్గింది, ఇప్పుడు హార్వెస్టర్ కోసిపోయిన వరి కొయ్యలు కాలబెడుతున్నరు. రెండోది గుట్టల అగ్గి. అలీసాగర్ పక్క గుట్టలైనా, ఇందల్వాయి, సిరికొండ అడవులైనా, మాఘం దాటి ఆకు రాలిందంటే భయమే. పొలంల పొగ లేస్తే ఎవ్వరూ అడగరు. గుట్ట మీద లేస్తే మాత్రం ముందుగాల అడిగేది తండానే.

నా చిన్నప్పుడు ఒకసారి అట్లనే ఖాకీ బట్టల సారు ఒకాయన వచ్చి మా తాతను గద్దించిండు. తాత ఒక్కటే మాటన్నడు: "సారూ, గాలి గుట్ట మీది నుంచి తండా దిక్కు కొడుతున్నది. మేమే పెడితే ముందుగాల కాలేది మా గడ్డివామే గద." సారు ఆ మాట తన పుస్తకంల రాసుకోలేదు. ఆ రాసుకోని మాట గురించే ఈ పోస్టు.

అడవి అగ్గికి గిరిజనుడే కారణం అనే మాట మన జిల్లాల పుట్టింది కాదు. 1864ల బ్రిటిష్ సర్కారు డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్‌ను మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్‌గా పెట్టింది. ఆ కాలంలోనే మధ్య పరగణాల బోరి అడవిల, అంటే గోండులు, కోర్కులు బతికే సాత్పురా గుట్టల్ల, పియర్సన్ అనే అధికారి అగ్గి లేకుండా అడవిని కాపాడి చూపించే పని చేసిండు. హద్దుల పొంటి ఫైర్ లైన్లు కొట్టుడు, కాపలా పెట్టుడు, చుట్టుపక్కల ఊర్లోళ్ళను అగ్గి పెట్టనియ్యకపోవుడు. అది నడిచిందని మిగతా అడవులకూ అదే పద్ధతి పాకింది. తర్వాత చట్టాలొచ్చినయి. 1927 అటవీ చట్టం చూడుండ్రి: రిజర్వు అడవిల అగ్గి పెడితే నేరం. అడవిల హక్కులున్నోళ్ళు అగ్గి అంటుకుంటే ఆర్పనీకి రావాలె, రాకున్నా నేరమే. నింద మనదే, ఆర్పే చాకిరీ మనదే అన్నట్టు!

నిజాం రాజ్యంల కూడా కథ వేరు కాదు. అడవిని రిజర్వు చేసుకుంట పోయిండ్రు, పోడు కొట్టుకునే కోలాములను, నాయకపోళ్ళను గుట్టల మీది నుంచి దించిండ్రు. పోడుల అగ్గి అంటే ఊరికే తగులబెట్టుడు కాదు. కొట్టిన చెట్టూ చేమా ఎండినంక, వాన పడేముందు కాలబెట్టి, ఆ బూడిదల విత్తనం వేసుడు. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం చనిపోయినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన 1945ల అచ్చేసిన "ట్రైబల్ హైదరాబాద్" రిపోర్టుల్ల అటవీ సిబ్బంది పీడన గురించి ఉన్నది. గ్రూపుల ఉన్నోళ్ళు కనీసం ఆ పుస్తకం పేరన్నా గుర్తుపెట్టుకోవాలె.

ఇప్పుడు అసలు సంగతి. అగ్గిని పూర్తిగా ఆపుడు తప్పు కావచ్చని మొదట రాసినోళ్ళల్ల సర్కారు మనుషులే ఉన్నరు. బర్మాల పనిచేసిన స్లేడ్ అనే అటవీ అధికారి 1896ల "ఇండియన్ ఫారెస్టర్" పత్రికల, బర్మాల అగ్గి కాపలా మరీ ఎక్కువైందని వ్యాసం రాసిండు. అగ్గి రానియ్యకపోతే తేమ అడవుల్ల వేరే మొక్కలు కమ్ముకొని టేకు పిల్లలు లేస్తలేవని ఆయన వాదన. మొదట్ల పైఅధికారులు ఒప్పుకోలే. కానీ తర్వాతి పదీ పదిహేనేండ్లల్ల అక్కడి చాలా టేకు అడవుల్ల కాపలా ఎత్తేసిండ్రు. అడవి పూర్తిగా ఎండకముందే, మంట చిన్నగున్నప్పుడే కాలబెట్టే పద్ధతి అటవీ శాస్త్రంలకు వచ్చింది. మన ముసలోళ్ళు ఇప్ప పువ్వు రాలకముందు చెట్టు కింద ఆకు ఊడ్చి కాలబెట్టేది కూడా దాదాపు అదే లెక్క. చిన్న అగ్గి, చేతి కింద అగ్గి.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలె. మన నిజామాబాద్ అడవి బర్మా లెక్క తడి అడవి కాదు, ఎండు టేకు అడవి. ఏటేటా నేల మీద మంట పోతే చిన్న మొక్క బతకదు, ఎదగదు. తునికాకు చిగురు మంచిగ వస్తదని పెట్టిన అగ్గి, సగం కాల్చి పారేసిన బీడీ, రెండూ పెద్ద మంటలు చేసినయి. మనోళ్ళు ఎన్నడూ తప్పు చెయ్యలే అంటే అబద్ధమైతది.

అగ్గి ఎట్ల నడుస్తదో లెక్కగట్టే శాస్త్రం తర్వాత వచ్చింది. అమెరికా ఫారెస్ట్ సర్వీసు 1960ల మిసూలా ఊర్ల దీనికోసమే ఒక ల్యాబ్ పెట్టింది. అక్కడ పనిచేసిన రాథర్‌మెల్ 1972ల ఒక లెక్క ఇచ్చిండు: కాలే సరుకు ఎంత, ఎంత ఎండింది, గాలి ఎంత, వాలు ఎంత అనేది తెలిస్తే మంట ఎంత జోరుగ పోతదో చెప్పొచ్చు. గుట్ట ఎక్కే మంట తన పైనున్న గడ్డిని ముందే వేడి చేస్తది, అందుకే ఉరుకుతది. దిగే మంట మెల్లగ వస్తది. తాత గాలి గురించి అన్న మాట గుర్తొచ్చిందా?

మన దేశంల ఈ పని డెహ్రాడూన్‌ల ఉన్న ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా చేస్తది. అది 1981ల మొదలైంది. మన హైదరాబాద్ బాలానగర్‌ల ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా ఉపగ్రహాలతోని అడవి మంటలు గుర్తుపడుతది. ఫారెస్ట్ సర్వే 2004 నుంచి మోడిస్ అనే పరికరం పంపే వేడి చుక్కలతోని రాష్ట్రాలకు కబురు పెడుతున్నది. 2017 నుంచి వీర్స్ అనే ఇంకా సన్నగ చూసేది కలిసింది. మోడిస్‌కు ఒక చుక్క అంటే కిలోమీటరు పొడుగు, కిలోమీటరు వెడల్పు, దాదాపు 247 ఎకరాలు. వీర్స్‌కు 375 మీటర్లు, అంటే 35 ఎకరాల దగ్గర. ఆ ముప్పై అయిదు ఎకరాల్ల ఒక మూలకు వరి కొయ్యలు, ఒక మూలకు టేకు చెట్లు ఉంటే? అడవి హద్దు మ్యాపు మీద పెట్టి పొలాల చుక్కలు తీసేస్తరు నిజమే, కానీ హద్దు మీద పడ్డ చుక్కకు ఏ పేరు పెడుతరు? ఇంకోటి, వీర్స్ ఉన్న సుయోమీ ఉపగ్రహం మన మీది నుంచి పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంల. సాయంత్రం అంటుకొని పొద్దుగూకంగ ఆరిపోయిన మంట దానికి కనవడకపోవచ్చు. తెల్లారంగ ఇప్పచెట్టు కింద పెట్టిన చిన్న అగ్గి అసలే కనవడదు.

అన్నిటికంటే పెద్ద మాట: చుక్క ఎక్కడున్నదో చెప్తది గాని ఎవరు పెట్టిండ్రో చెప్పదు.

ఇది మనకెందుకంటే, ఉపగ్రహం బొమ్మ ఇప్పుడు సాక్ష్యం. పోడు పట్టాల దగ్గర ఫలానా ఏడు ఫొటోల మీ చేను లేదంటే కథ ఖతం అని చాలామంది అనుకుంటరు. అట్ల కాదు. అటవీ హక్కుల చట్టం నియమాలను 2012ల సవరించినప్పుడు స్పష్టంగ రాసిండ్రు: ఉపగ్రహ చిత్రం వేరే సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు. ఆ చట్టం కిందనే సామూహిక అటవీ హక్కు ఉన్న గ్రామసభకు అడవిని కాపాడుకునే హక్కున్నది. అగ్గి సంగతి అందుల రాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

కర్ణాటకల బిళిగిరి రంగన గుట్టల సోలిగలు దారి చూపించిండ్రు. వాళ్ళు ఏడాది మొదట్ల ఆకు మాత్రమే కాలే చిన్న అగ్గి పెట్టేది, దాన్ని "తరగు బెంకి" అంటరు. అభయారణ్యం అయినంక బంద్ చేయించిండ్రు. తర్వాత లంటానా పొద అడవి నిండ పెరిగింది. అక్కడ పనిచేసే పరిశోధకులు సోలిగల మాట కూడా తమ లెక్కల పక్కన పెట్టి రాసిండ్రు. 2011ల సోలిగలకు సామూహిక హక్కులొచ్చినయి. మా తాత మాట రాసుకోని సారుకు, వీళ్ళకు తేడా అక్కడ్నే ఉన్నది.

ములుగుల, మన సిద్దిపేట జిల్లా ములుగు, 2016ల మొదలైన ఫారెస్ట్రీ కాలేజీ ఉన్నది. ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దాని గురించి కనుక్కోండి. ఫారెస్ట్ సర్వే అగ్గి మెసేజులు సర్కారోళ్ళకే కాదు, పేరు రిజిస్టర్ చేసుకున్న ఎవరి ఫోనుకైనా వస్తయి.

నేనైతే ఈ ఎండాకాలం ఒక పని మొదలుపెట్టిన. మెసేజ్ వచ్చిన రోజు ఆ చోటికి పోయి కాలింది పొలమా అడవా, గాలి ఎటు ఉండె, ఎన్ని గంటలకు మొదలైందని తండాల అడిగి నోట్‌బుక్కుల రాస్తున్న. ఇప్పటికి నాలుగు పేజీలైనయి. మీ దిక్కు ముసలోళ్ళు అగ్గి ఎప్పుడు పెట్టేది, ఎప్పుడు వద్దనేది, అడిగి కింద రాయుండ్రి. ఊరి పేరు, నెల తప్పకుండా పెట్టుండ్రి.