రాయి తీసేవాళ్లు

హిప్పోక్రాటిస్ పేరు మీద ప్రచారంలో ఉన్న గ్రీకు వైద్యుల ప్రమాణంలో ఒక వింత షరతు ఉంది. మూత్రాశయంలో రాయితో వచ్చిన రోగికి తాను కోత పెట్టనని, ఆ పని చేసేవాళ్లకే వదిలేస్తానని వైద్యుడు మాట ఇవ్వాలి. ఎందుకో ప్రమాణంలో రాయలేదు గానీ ఊహించడం కష్టమేమీ కాదు. అప్పటికి మత్తు లేదు, లోపలికి తొంగిచూసే సాధనం లేదు, పుండు చీము పడితే ఆపే మందూ లేదు. రోగి పోతే పేరు పోయేది వైద్యుడికే. అలా వైద్యులు తప్పుకున్న పని కత్తి పట్టిన చేతిపనివాళ్ల పాలైంది. ఇవాళ ఊరూరా బోర్డులు కనిపిస్తున్న యూరాలజిస్టుల వృత్తికి మూలం అక్కడే.

మన దేశంలో మాత్రం ఈ పనిని వైద్యగ్రంథం వెలివేయలేదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో అశ్మరికి, అంటే మూత్రాశయ రాయికి, ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ముందు కషాయాలు, మందులు వేసి కాచిన నెయ్యి. అవి పనిచేయనప్పుడే శస్త్రం. అదీ రాజుకు చెప్పి, అనుమతి తీసుకున్నాకే. మోకాలెత్తు బల్ల మీద బలమైన మనిషిని కూర్చోబెట్టి, రోగిని అతని ఒళ్లోకి ఒరిగేలా పడుకోబెడతారు. వైద్యుడు ఎడమచేతి రెండు వేళ్లు మలద్వారంలోంచి పోనిచ్చి, రాయిని కిందికి నెట్టి, మలద్వారం ముందరి మధ్యగీతకు ఎడమవైపు యవగింజంత దూరంలో కోస్తాడు. రాయి పగలకూడదు, చిన్న ముక్క కూడా లోపల మిగలకూడదు, మిగిలితే మళ్లీ పెరుగుతుంది. చేయి తిరిగినవాడికి సైతం ఇందులో విజయం అనుమానమేనని గ్రంథకర్త దాచుకోకుండా చెప్పాడు.

ఐరోపాలో ఈ పని ఊళ్లు తిరిగే కోతగాళ్ల చేతుల్లో శతాబ్దాలపాటు నడిచింది. వాళ్లలో పేరుమోసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన జాక్ బోలియే. సన్యాసి దుస్తులు వేసుకుని తిరిగేవాడు గనుక ఫ్రేర్ జాక్ అన్నారు. మధ్యగీత మీద కాకుండా పక్కగా కోయడం అతని పద్ధతి. పారిస్ చేరి, 1698లో పెద్ద ఆసుపత్రుల్లో 60 మందికి కోత పెడితే 25 మంది చనిపోయారు. అతనికి శరీరనిర్మాణం తెలియదని శస్త్రవైద్యులు మండిపడ్డారు, కానీ ఆ పక్కకోతలో పస ఉందని గ్రహించినవాళ్లూ వాళ్లే. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో విలియం చెసెల్డెన్ శవాల మీద సాధన చేసి దాన్ని సరిదిద్దాడు. 1727 నుంచి అతను చేసిన 213 కోతల్లో పోయినవాళ్లు 20 మందే. కొన్ని కేసుల్లో కోత నుంచి రాయి బయటికొచ్చేదాకా పట్టిన సమయం నిమిషం లోపే. మెలకువతో ఉన్న రోగికి ఆ నిమిషమే ప్రాణం.

బతికి బయటపడినవాళ్లకు అది రెండో పుట్టుక. లండన్ ఉద్యోగి సామ్యుయెల్ పెపీస్‌కు 1658 మార్చి 26న బంధువు ఇంట్లో థామస్ హాలియర్ రాయి తీశాడు. టెన్నిస్ బంతంత రాయి. పెపీస్ దాన్ని పెట్టె చేయించి భద్రపరిచాడు, ఆ తేదీని విందుతో గుర్తుచేసుకునేవాడు. 1703లో ఆయన పోయాక శవపరీక్ష చేస్తే ఎడమ మూత్రపిండంలో మరో ఏడు రాళ్లు కనిపించాయి.

కత్తికి భయపడినవాళ్లను ఆకట్టుకునే మందులకూ కొదవ లేదు. జొఆన్నా స్టీఫెన్స్ అనే ఆమె తన దగ్గర రాయిని కరిగించే రహస్యం ఉందంటే, 1739లో బ్రిటిష్ పార్లమెంటు 5,000 పౌండ్లిచ్చి ఆ రహస్యం కొన్నది. తీరా చూస్తే అందులో ఉన్నవి గుడ్ల పెంకులు, నత్తలు, సబ్బు, ఇంకొన్ని ఆకులు.

అసలు మలుపు పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో వచ్చింది. 1824 జనవరి 13న జాన్ సివియాల్ అనే యువ వైద్యుడు మూత్రద్వారం గుండా సన్నని పరికరం పంపి, లోపలే రాయిని పట్టి, తొలిచి పిండి చేశాడు. కోతే లేదు. తర్వాత ఐరోపా అంతటి లెక్కలూ సేకరించి పోల్చి చూపాడు: కోత పెట్టించుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరు చనిపోతుంటే, తన పద్ధతిలో చావులు నూటికి రెండు మూడే. వైద్యంలో రెండు చికిత్సలను అంకెలతో తూచిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. అయినా సివియాల్ పని చీకట్లో తడుములాటే. 1870ల చివర జర్మన్ వైద్యుడు మాక్స్ నీట్జే దీపమున్న సిస్టోస్కోప్‌తో మూత్రాశయం లోపలి దృశ్యాన్ని కంటికి చూపించాక ఆ తడుములాట తగ్గింది. ఒకప్పటి కోతగాళ్ల పని వైద్యవిద్యలోనూ చోటు సంపాదించింది: 1890లో అదే నెకెర్ ఆసుపత్రిలో ఫెలిక్స్ గుయోఁ మూత్రవ్యాధుల ప్రొఫెసర్ అయ్యాడు.

కోత లేకుండా రాయి నలిపే పద్ధతికి గట్టి పరీక్ష జరిగింది భారతదేశంలో. ఉత్తరాది జిల్లాల్లో పేద పిల్లలకు మూత్రాశయంలో రాళ్లు విపరీతం. చిన్నపిల్లల మూత్రద్వారం సన్నం, పరికరం పట్టదని ఐరోపా పండితుల నమ్మకం. ఇందోర్‌లో కీగన్ అనే సైనిక వైద్యుడు చిన్న పరికరాలు వాడి అది తప్పని నిరూపించాడు. మొరాదాబాద్‌లో పీటర్ ఫ్రేయర్ వందల మందికి రాళ్లు నలిపి తీశాడు. రాంపూర్ నవాబుకు రాయి తీసినందుకు ఆయనకు లక్ష రూపాయలు ముట్టాయి. ఆ చేతి అనుభవంతో లండన్ వెళ్లి, ప్రొస్టేట్ గ్రంథిని మూత్రాశయం మీదుగా వేలితో పెకలించే శస్త్రచికిత్సకు 1901లో పేరు తెచ్చాడు.

ఇంతకీ పిల్లలకే ఆ రాళ్లెందుకు? జవాబు వెతికింది శస్త్రవైద్యుడు కాదు. నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ 1920ల చివర ఎలుకలకు విటమిన్ ఏ చాలని ధాన్యపు తిండి పెడితే రాళ్లు ఏర్పడ్డాయి, పాలు చేర్చితే రక్షణ దొరికింది. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో పనిచేస్తోంది. తిండి మెరుగుపడేకొద్దీ పిల్లల మూత్రాశయ రాళ్లు తగ్గిపోయాయి. రాయి మాత్రం పోలేదు, చోటు మార్చి పెద్దవాళ్ల కిడ్నీలకెక్కింది.

అక్కడికి చేరే దారి విమానాలు చూపాయి. శబ్దవేగాన్ని మించే విమానాలను వానచినుకులు ఎలా దెబ్బతీస్తాయో పరిశోధిస్తున్న జర్మనీ కంపెనీ డోర్నియర్, ఆ ఆఘాత తరంగాలను మ్యూనిక్ వైద్యుల చేతికిచ్చింది. 1980 ఫిబ్రవరి 7న క్రిస్టియన్ షౌసీ బృందం నీళ్లతొట్టెలో ఉంచిన రోగి కిడ్నీరాయిని బయటినుంచే పగలగొట్టింది.

ఇప్పటి యూరాలజిస్టు చిన్న రాయికి నొప్పి మందు రాసి, బాగా నీళ్లు తాగమంటాడు. మన పల్లెల్లో కొండపిండి ఆకు కూర వండుకోమనే పెద్దలూ ఉన్నారు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళంలో ఇరుక్కున్న రాయిని కింది నుంచి సన్నని గొట్టం పంపి లేజర్‌తో పొడి చేస్తారు, కిడ్నీలోని పెద్ద రాయికి వీపు వైపు చిన్న రంధ్రం చాలు. పని ముగిశాక వాపుతో నాళం మూసుకుపోకుండా చాలామందికి కొన్ని వారాలు స్టెంట్ అనే సన్నని గొట్టం వేసి పంపుతారు. నొప్పి పోయింది కదా అని కొందరు దాని సంగతే మరిచిపోతారు. నెలలు గడిచాక స్టెంట్ మీదే రాయి పేరుకుంటుంది. అప్పుడు ముందు దాన్ని పగలగొట్టి, ఆ తర్వాతే స్టెంట్ తీయాలి. అందుకే కొన్ని ఆసుపత్రులు స్టెంట్ వేసినవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, గడువు దగ్గరపడగానే ఫోన్ చేసి పిలుస్తుంటాయి.