బందరు రేవున ఇంగ్లీషు పలుకు

ఇంగ్లీషు మన సీమకు పుస్తకముతో వచ్చినదని పలువురు తలంతురు. కాదు, అది ముందుగా చెవిద్వారమున వచ్చినది. 1611లో ఆంగ్లవర్తకుల ఓడ 'గ్లోబు' బందరు చేరి కొఠీ వెలసిన పిమ్మట, బేరములు నడపుటకు దుబాషీలు కావలసివచ్చిరి. ద్విభాషి యను మాటయే అట్లు మారినది. తెనుగువాని కింగ్లీషు నేర్పు వ్యాకరణము గాని నిఘంటువు గాని నాడు లేదు. చెవియే బడి.

బందరు బడులలో పేరెన్నికగన్నది 1843 నాటిది. రాబర్టు నోబిల్ దొర 1841లో వచ్చి, ముందుగా తాను తెనుగు నేర్చి, పిదపనే బడి తెరచెను. నాకీ వరుస మిక్కిలి ముచ్చట. మన ళకారమునకై నాలుక మడచి కష్టపడినవానికి మన పిల్లల నాలుక ఎచ్చట తడబడునో తెలియును గదా! 1865లో మరణించువరకు ఆయన స్వదేశమునకు మరలలేదు. ఆ పిల్లలకు ఇంగ్లీషు దినదినము చెవిని పడెను.

తరువాత గుడివాడ ప్రాంతమునకును దివిసీమకును పాఠములు ప్రాకెను. పుస్తకము పోయినది గాని కంఠము పోలేదు. చిక్కంతయు అచ్చటనే. మనకు వకార మొక్కటే, వారికి రెండు. ఒకటి పైపంటితో క్రిందిపెదవి నొక్కి పలుకునది, రెండవది పెదవులు సున్నగా చుట్టి పలుకునది. అందుచే మన నోట ద్రాక్షతీగయు ద్రాక్షసారాయియు ఒక్కటే 'వైన్'. మద్యనిషేధవాదులు క్షమింతురుగాక! మఱియు వారు మాటలో నొక యక్షరము నూది తక్కినవానిని మ్రింగుదురు. 'ఫొటోగ్రాఫు'లో మొదటిదాని నూదినవారే 'ఫొటోగ్రఫీ'లో రెండవదాని నూదుదురు. ఇది కంటికి కానరాదు. 1958లో హైదరాబాదున వెలసిన కేంద్ర ఆంగ్లభాషా సంస్థ ఉపాధ్యాయులకు ధ్వనిశాస్త్రము నేర్పసాగెను. అప్పటికి మా తరము బడి దాటిపోయినది.

నేను దివిసీమ బడిలో 'వాక్' అను మాటను లకారముతో సహా 'వాల్కు' అని పలికి మెప్పుపొందితిని. మా పంతులుగారును అట్లే నేర్చిరి. బందరులో పై తరగతిని చేరిన దినమున ఉపాధ్యాయుడు నా యూరిపేరు ఇంగ్లీషున నడిగెను. పుస్తకమంతయు కంఠస్థమైన నాకు ఆ చిన్నప్రశ్న తెలియలేదు. తరగతి నవ్వెను. ఆ రాత్రి మూట కట్టితిని.

గుడివాడనుండి వచ్చిన తోడిపిల్లవా డొకడు నన్నాపి, కాఫీహోటలులోని రేడియో యొద్దకు కొనిపోయెను. ఇంగ్లీషు వార్తలు చదువుచుండిరి. మొదటివారము ఊళ్లపేళ్లు మాత్రము తెలిసెను. పిదప అంకెలు తెలిసెను. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోవునాటికి వాన మాట విని గొడుగు తీసికొంటిని.