జార్జి ఇన్ : ఒక ఆంగ్లగ్రామపు పూటకూళ్ళ యిల్లు



ఇంగ్లండు దేశపు పల్లెలో చర్చి యెంత ముఖ్యమో 'పబ్' అనునదియు నంత ముఖ్యము. దీనిని మన కల్లుపాకవంటిదని తలఁచుట పొరపాటు. పూర్వము బీరుతోపాటు భోజనమును, బాటసారికి పడకయు, గుఱ్ఱమునకు మేతయు దొరకు పూటకూళ్ళ యిల్లది. ఊరివారు చేరి ముచ్చటించు రచ్చబండయు నదియే. అట్టి వానిలో మిగుల ప్రాచీనమైన యొకదాని కట్టడమును గూర్చి నేడు మనవి చేసెదను.

సోమర్సెట్ మండలమున, బాత్ నగరమునకు దక్షిణముగా, నార్టన్ సెయింట్ ఫిలిప్ అను గ్రామము కలదు. దాని సమీపమున హింటన్ చార్టర్‌హౌస్ అనుచోట 1232వ సంవత్సరమున సాలిస్‌బరీ ప్రభ్వి యైన ఏలా యొక క్రైస్తవమఠమును స్థాపించెను. అందలి సన్న్యాసులు ఏకాంతమును, మౌనమును వ్రతముగా గొన్నవారు. కాని మఠమునకు ఉన్నివలన రాబడి కలదు. ఉన్నిసంతకు వర్తకులు రాకతప్పదు. ఆ వర్తకులకు బసగాను, ఉన్నికి గిడ్డంగిగాను గ్రామమున నుపయోగపడిన కట్టడమే 'జార్జి ఇన్'. మఠములో మౌనమును, ఊరిలో బేరమును ఒకదాని కొకటి యడ్డురాక సాగినవి.

దీని క్రిందియంతస్తు రాతికట్టు. ఆ ప్రాంతమున సున్నపురాయి సమృద్ధిగా దొరకును. పైభాగము 15వ శతాబ్దపు పని. అది ఓకుకఱ్ఱ చట్రము. పైయంతస్తు క్రిందిగోడను దాటి వీధిమీదికి ముందునకు వచ్చియుండును. చూచువారికి అది పడిపోవునేమో యను శంక కలుగును. నిజమునకు అందు బలమే కలదు. దూలముల కొనలు గోడ దాటి బయటికి వచ్చును. ఆ కొనలమీద పైగోడ బరువు నిలుచును. బయటికొన క్రిందికి అణగినకొలది గదినడుమ దూలము వంగుట తగ్గును. కావడిబద్ద నెత్తిన మనవారికి ఈ సూత్రము తెలియనిది కాదు.

ఆ కాలపు వడ్రంగులు పచ్చికఱ్ఱనే చెక్కి, మేకులకు బదులు కఱ్ఱచీలలతో బిగించెడివారు. కఱ్ఱ యెండినకొలది అతుకులు మఱింత బిగిసెడివి. కఱ్ఱల నడుమ ఖాళీలలో తడికలల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తి, పైన సున్నము పూసెడివారు. మన పల్లెలలోని తడికగోడయు నిట్టిదే గదా!

1539లో ఎనిమిదవ హెన్రీ రాజు పాలనమున మఠము మూయబడెను. మఠము చాలవఱకు పాడుపడెను. పూటకూళ్ళ యిల్లు మాత్రము నిలిచెను. 1685 జూన్ 27న మన్మత్ ప్రభువు సైన్యము రాజసైన్యముతో ఈ గ్రామముననే పోరాడెను. జూలై 6న సెడ్జ్‌మూర్ యుద్ధమున ఆ తిరుగుబాటు అణగిపోయెను. పిమ్మట జెఫ్రీస్ న్యాయాధిపతి విచారణలలో ఆ మండలపు రైతులును, నేతగాండ్రును అనేకులు ఉరితీయబడిరి. ఈ యింటనే కొందఱి విచారణ జరిగెనని గ్రామస్థులు చెప్పుకొందురు.

సన్న్యాసుల కట్టడమేల శిథిలమయ్యెను? వారి వర్తకుల బస యేల నిలిచెను? రాతి బలమొక్కటే కారణమైనచో మఠమును నిలిచి యుండవలసినది. బాటసారికి ఆకలి యెన్నడును తీఱిపోలేదు గనుక, ప్రతితరమువారును ఈ కప్పును మరమ్మతు చేయుచు వచ్చిరి. నేటికిని అది పూటకూళ్ళ యిల్లే. కట్టడమును కాపాడునది సున్నముకన్న ముందుగా, దానితో జనులకు గల పనియే.