ఈ-సిగరెట్ అమ్మితే జైలే.. ‘నికోటిన్ లేదు’ అన్నా కుదరదు!

మామూలు సిగరెట్ పాన్ షాపులో దొరుకుతుంది. ఈ-సిగరెట్ మాత్రం మన దేశంలో నిషేధం. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. డిసెంబర్‌లో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలు.. అన్నీ నేరమే. ఆన్‌లైన్‌లో అమ్మినా అంతే.

‘ఇందులో నికోటిన్ లేదు, ఉత్త ఫ్లేవరే’ అంటే చెల్లదు. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఈ-హుక్కా అయినా చట్టం ఒక్కటే.

శిక్షలు ఇవీ:
* తొలిసారి: ఏడాది వరకు జైలు లేదా రూ.1 లక్ష వరకు జరిమానా, లేదంటే రెండూ.
* మళ్లీ దొరికితే: 3 ఏళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా.
* స్టాక్ దాస్తే: 6 నెలల వరకు జైలు లేదా రూ.50 వేల వరకు జరిమానా, లేదంటే రెండూ.

కాలేజీలో ఫ్రెండ్స్‌కి తెప్పించి అమ్మినా అది అమ్మకమే. సరదా అనుకుంటే కేసే!