ప్రసారరంగంలో వర్తక సంఘాలు: లక్సెట్టిపేట నుండి ఒక పరిశీలన

తెలుగు ప్రసార మాధ్యమాల చరిత్రలో చానెళ్ల యజమానులకు, ప్రభుత్వ విధానాలకు దక్కిన స్థానం మధ్యనున్న వర్తక సంఘాలకు దక్కలేదు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో గోదావరి ఒడ్డునున్న, 2016 నుండి మంచిర్యాల జిల్లాకు చెందిన లక్సెట్టిపేట వంటి పట్టణం నుండి చూస్తే ఈ లోటు తేటపడుతుంది. ఇక్కడ కేబుల్ ఉన్న ఇంటికి ఏ చానెల్ చేరినా, ఎంఎస్‌ఓ అందుకున్న సంకేతాన్ని స్థానిక ఆపరేటరు తీగ ద్వారా పంచితేనే చేరుతుంది. నెలసరి చందా వసూలు చేసేదీ అతడే.

1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం ఆపరేటరును ప్రధాన తపాలా కార్యాలయంలో నమోదు చేసుకొమ్మన్నది. నమోదు ఒక్కొక్కరిదే అయినా బేరం ఒక్కరివల్ల సాగేది కాదు. చానెళ్లవారు 1999లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ ఫౌండేషన్‌గా కూడారు. చందా ధరలపై వారితో వాదించేందుకు ఆపరేటర్లకు సంఘమే దిక్కయింది. 2004లో ప్రసార సేవలు ట్రాయ్ పరిధిలోకి వచ్చాక ఈ వాదం అధికారిక సంప్రదింపుల రూపం దాల్చింది.

అయితే రక్షణకై పుట్టిన బలం మరోవైపుకూ తిరగగలదు. 2014 జూన్‌లో, కొత్త రాష్ట్రం ఏర్పడిన పక్షం రోజులకే, శాసనసభ్యులను కించపరచారన్న ఆరోపణపై తెలంగాణ ఎంఎస్‌ఓలు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను నిలిపివేశారు. సెప్టెంబరులో వరంగల్‌లో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు వారిని బహిరంగంగా అభినందించారు. ప్రజాప్రయోజనం దృష్ట్యా ప్రసారాన్ని నిషేధించే అధికారాన్ని 1995 చట్టం అధీకృత అధికారికి ఇచ్చిందే గాని వర్తకులకు ఇవ్వలేదు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఇక్కడ అసలు ప్రశ్న చానెళ్ల మంచిచెడ్డలది కాదు. చందా కట్టే గృహస్థుకు ఆ నిర్ణయంలో ఏ వాటా ఉన్నదన్నదే ప్రశ్న. సంఘాల్లో అతనికి సభ్యత్వమే లేదు!

తరువాతి మార్పు యంత్రం వల్ల వచ్చింది. 2017 మార్చి 31 గడువుగా గ్రామీణ ప్రాంతాలలోనూ సెట్ టాప్ బాక్సు తప్పనిసరైంది. 2019 ఫిబ్రవరిలో అమలైన ధరల విధానం వంద చానెళ్లకు 130 రూపాయల నెట్‌వర్క్ రుసుమును గరిష్ఠంగా నిర్ణయించి, వేరే ఒప్పందం లేనప్పుడు అందులో 55 శాతం ఎంఎస్‌ఓకు, 45 శాతం ఆపరేటరుకు అన్నది. దానితో ఆపరేటర్ల సంఘాల వాదం చానెళ్ల మీదినుండి ఎంఎస్‌ఓల మీదికి మళ్లింది. అనలాగ్ రోజుల్లో తన గదిలోనే ఒక చానెల్‌ను ఆపగలిగిన స్థానిక ఆపరేటరు చేతిలో ఇప్పుడు మిగిలినవి తీగ, స్తంభం, వసూలు చీటీ. మీట మాత్రం ఎంఎస్‌ఓ సర్వర్‌లో ఉన్నది.